దొరబండికి కొత్త షాకబ్జర్లు

“ఈ రోజు మొదలు మా ఇంటి ఆడది ఆటో ఎక్కదు! బస్సెక్కదు! వెళ్తే నా కారులో వెళ్తుంది, లేకపోతే ఇంట్లో ఉంటుంది! ఇది అర్జునరావు మాట!”

ఈ శాసనం జారీ అయింది హాల్లో. ఆ సమయానికి అర్జునరావు భార్య సాయిదుర్గ పక్క గదిలో నేలమీద కూర్చుని సంచి సర్దుతోంది. శాసనం ఆమె గురించే గాని, ఆమెకు చెప్పడానికి కాదు. కాఫీకి వచ్చిన గురునాథరావుగారు వినడానికి. ఎంత గొప్ప శాసనమైనా వినే పెద్దమనిషి లేకపోతే ఉత్త కేకే కదా!

సంచి మాత్రం సాయిదుర్గది కాదు. ఆమె అప్ప చిట్టమ్మకు ఇవ్వాల్సింది. తల్లి పోయాక చెల్లెలికి జడ వేసింది, అన్నం పెట్టింది, వీపు మీద రెండు వేసింది కూడా చిట్టమ్మే. ఆవిడ మొగుడు అప్పలసూరి అండమాన్లకు కిందనున్న కార్ నికోబార్ దీవిలో వడ్రంగం పనికి పోయి అక్కడే కుదురుకున్నాడు. దీపావళి వెళ్లాక ఓడెక్కి వచ్చేయమని పెళ్లానికి కబురు పంపాడు. జాలరిపేటలో పుట్టి, జాలరిపేటలోనే చేపల బుట్ట మోసిన చిట్టమ్మ ఇక ఈ ఊరు విడిచిపోతోంది.

ఓడకింకా చాలా రోజులుంది. వినాయక చవితి వెళ్లి వారమే అయింది. అయినా సాయిదుర్గ అప్పుడే సంచి తీసింది. ఎవరైనా ప్రయాణమంటే ఆమెకు గుండెలో రాయి పడుతుంది. సంచిని ఎంత నిదానంగా సర్దితే ప్రయాణం అంత వెనక్కి జరుగుతుందని లోలోపల ఒక పిచ్చి నమ్మకం. అందుకే ఒక రోజు చింతపండు పెట్టింది. ఇంకో రోజు ఆవకాయ సీసాకు గుడ్డ చుట్టింది. ఆ రోజు ఎండు నెత్తళ్లు పొట్లం కడుతోంది. సముద్రం మధ్యనున్న దీవికి ఎండుచేపలెందుకని అడిగేవాళ్లు అడగవచ్చు. అక్కడి చేపకు జాలరిపేట ఎండ తగలదు కదా!

అర్జునరావు కూడా జాలరిపేటవాడే. ఈ సంగతి ఆయనకు తప్ప ఊరందరికీ గుర్తుంది. రొయ్యలు బాగా పడిన ఏళ్లలో మూడు మరబోట్లకు యజమాని అయి, రుషికొండ దగ్గర మెట్ట మీద మేడ కట్టాడు. మేడెక్కిన రోజునుంచి భార్య తనను “ఓరయ్యా” అనకూడదనీ, “ఏవండీ” అనాలనీ నిర్ణయించాడు. చిట్టమ్మ చేపల బుట్టతో చెల్లెల్ని చూడడానికి వస్తే, “వదినా, కాలనీవాళ్లు చూస్తారు. వెనక గేటునుంచి రావాలి” అన్నాడు. చిట్టమ్మ బుట్ట దించలేదు. వచ్చిన దారినే వెళ్లిపోయింది. మళ్లీ ఆ గడప తొక్కలేదు.

ఇక కారు. దాన్ని ఉత్తి కారు అనడం దానికీ, దాని యజమానికీ కూడా అవమానం. పుట్టింది ఇంగ్లండులో. అక్కడి దొరలు వేటకూ, కొండలూ గుట్టలూ ఎక్కడానికీ వాడే బండి. ఏదో విదేశీ కంపెనీ ఇంజనీరు పదేళ్ల కిందట ఓడలో తెచ్చుకుని, పని అయ్యాక ఇక్కడే వదిలిపోయాడు. చేతులు మారి మారి అర్జునరావును చేరింది. కొండలెక్కే బండి అయినా ఆయన చేతికొచ్చాక అది ఎక్కిన కొండ ఒకటే. తన మేడకు వేసిన తారు రోడ్డు.

ఆ బండికి స్ప్రింగులుండవు. వాటి బదులు గాలి తిత్తులు. దొరగారు దిగేటప్పుడు తిత్తుల్లో గాలి తగ్గి బండి తనంత తానే వంగుతుంది. దొరగారు ఎక్కాక మళ్లీ లేస్తుంది.

“చూశారా! నాకు దండం పెడుతోంది!” అనేవాడు అర్జునరావు.

శాసనం జారీ అయిన వారంలోనే బండి దండం పెట్టి, మరి లేవలేదు.

తిత్తులు పగిలాయి. షాకబ్జర్లు నూనె కక్కాయి. కడుపు నేలకు ఆనించి గేదెలా కూర్చుంది. అర్జునరావు సిగ్గుతో చచ్చిపోయాడు. తప్పనిసరి పని ఉండి, ఎవరూ చూడకూడదని దేవుణ్ణి వేడుకుంటూ, దాన్నలాగే నేలకు ఈడ్చుకుంటూ ఫిషింగ్ హార్బరుకు వెళ్లాడు.

అక్కడ అద్భుతం జరిగింది!

హార్బరు జనం ఏ బండినీ బండిగా చూడరు, బోటుగా చూస్తారు. చేపలు నిండుగా పడ్డ బోటు నీళ్లలోకి దిగి, బరువుగా, నెమ్మదిగా వస్తుంది. దాన్ని దూరంనుంచి చూడగానే జెట్టీ మీద జనం చేతులూపుతారు, కేకలేస్తారు. ఏమీ పడని బోటు పైకి తేలి, గెంతుతూ వస్తుంది. దానివైపు ఎవరూ చూడరు. పలకరిస్తే ఆ బోటు నడిపే సరంగు మనసు నొచ్చుకుంటుందని మర్యాదగా మొహం తిప్పుకుంటారు. అదీ అక్కడి పద్ధతి.

కడుపు నేలకు రాసుకుంటూ వస్తున్న దొరబండిని చూసి హార్బరంతా లేచి నిలబడింది.

“బావా! ఏటా బరువు! మునిగిపోయీలాగ దిగిపోనాది! ఏటి నింపీసినావేటి లోపల?” అని కేకేశాడు దొరబాబు. అతనికీ రెండు బోట్లున్నాయి, అర్జునరావంటే అంతకు రెట్టింపు కడుపుమంట ఉంది.

చేపల వేలంపాట దగ్గర కూర్చున్న తవిటమ్మ, “మా అర్జునుడు మారాజు!” అని మెటికలు విరిచింది.

అర్జునరావు అద్దం దించి, గంభీరంగా నవ్వి, “ఏదో, గంగమ్మ దయ” అన్నాడు.

ఆ దర్జా తిరుగు ప్రయాణం దాకానే నిలిచింది. బీచి రోడ్డు మీద మొదటి స్పీడు బ్రేకరుకు బండి కడుపు పట్టుకుంది. ముందు చక్రాలు రుషికొండ వైపు, వెనక చక్రాలు హార్బరు వైపు. మధ్యలో అర్జునరావు. ఎనిమిదిమంది కుర్రాళ్లు ఎత్తి దించారు. అర్జునరావు వాళ్లలో ఎవరికీ తన పేరు చెప్పలేదు.

*

మామూలు మనిషైతే మర్నాడు మెకానిక్కును పిలిచి షాకబ్జర్లు మార్పించేవాడు. అర్జునరావు సలహా సంఘం వేశాడు.

అధ్యక్షులు గురునాథరావుగారు. ఏదో ప్రభుత్వ ఆఫీసులో సూపరింటెండెంటు చేసి రిటైరయ్యారు. సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఏ కాగితం మీదా నిర్ణయం తీసుకోలేదనీ, అందువల్ల ఏ తప్పూ చేయలేదనీ ఆయనకు గర్వం. సభ్యులు దొరబాబు, గాజువాక వైపు షెడ్డున్న మెకానిక్కు సన్యాసిరాజు. ప్రత్యేక ఆహ్వానితుడు డ్రైవరు కోటి. ఇతను పూర్వం అర్జునరావు బోటు మీద సరంగు. ఇప్పటికీ కారును కుడికి తిప్పమంటే ముందు గాలి ఎటుందో చూస్తాడు.

మొదటి సమావేశం కారు చుట్టూ కుర్చీలు వేసుకుని జరిగింది.

“విషయం ఏమనగా,” అని గొంతు సవరించుకున్నారు గురునాథరావుగారు, “సదరు వాహనం కూలబడి ఉన్నది. దానిని లేపవలసి ఉన్నది. అయితే ఏ విధమైన షాకబ్జర్లతో లేపవలెనన్నది లోతుగా పరిశీలించవలసిన అంశం. నా అభిప్రాయంలో ఇంగ్లండునుంచే అసలు తిత్తులూ, అసలు షాకబ్జర్లూ తెప్పించాలి. మూలస్వరూపాన్ని కాపాడటం మన కర్తవ్యం.”

“ఇంగ్లండు సరుకు ఇంగ్లండులోనే పగిలిపోతాది గురువుగారూ,” అన్నాడు దొరబాబు. “నాకు తెలిసిన ఓడ వంటోడు సింగపూరునుంచి గ్యాసు షాకబ్జర్లు తెస్తానంతన్నాడు. ఎడారిలో పందాలకి అయ్యే ఏత్తారంట!”

“ఎడారెక్కడుందిరా మనకి?” అన్నాడు సన్యాసిరాజు.

“భీమిలి కాడ ఇసకలేదేటి?”

“ఇసక మీద ఈ బండి ఎప్పుడు దిగినాది బాబూ!” అని అడగబోయిన కోటి, యజమాని చూపు చూసి దగ్గాడు.

సన్యాసిరాజు లేచి, బండి బానెట్టు మీద చెయ్యి వేసి, కళ్లు మూసుకున్నాడు. వైద్యుడు నాడి చూసినట్టు చాలాసేపు చూశాడు.

“ఈ బండికి గాలి పడదు,” అని తేల్చాడు. “గ్యాసు అసలే పడదు. ఉక్కు పడతాది. స్టీలుప్లాంటు రేకులు మోసీ లారీలకి నాను ఏసిన ఉక్కు పట్టీల కమాన్లున్నాయి. అయ్యేసి, మోటు షాకబ్జర్లు బిగించీసినావంటే కొండ తెచ్చి మీదెట్టు, అంగుళం దిగితే నా షెడ్డు మూసెత్తాను!”

“మెత్తగా ఉంటుందా?” అన్నాడు అర్జునరావు.

“మెత్తగుంటే బండేటి బాబూ, పరుపు.”

అప్పుడు మౌలికమైన చర్చ మొదలైంది. గొప్పవాడి బండి మెత్తగా ఉండాలా, గట్టిగా ఉండాలా? మెత్తగా ఉంటే సుఖం. గట్టిగా ఉంటే ఎత్తు. సుఖం లోపలివాడికే తెలుస్తుంది, ఎత్తు ఊరంతటికీ కనబడుతుంది. ఈ ముక్క దగ్గర అర్జునరావు ముఖం వెలిగింది. బండి కొండలెక్కాలి, వాగులు దాటాలి, అడవుల్లో తిరగాలి, అరకు ఘాటీలో ఆగకుండా పోవాలి అని ఒక్కొక్కరు ఒక్కొక్క అవసరం చెప్పారు. గురునాథరావుగారు తలాడించారు.

టీ గ్లాసులు తెచ్చిన సాయిదుర్గ, “ఓడరేవు దాకా ఎల్తే చాలండీ. మా అప్ప ఎల్లిపోతంది,” అంది.

అందరూ టీ గ్లాసులందుకున్నారు. వాగులు దాటే బండికి ఓడరేవు ఒక గమ్యమా!

సమావేశం వాయిదా పడింది. తరవాతది దసరాకు జరిగింది. ఆ తరవాతది వర్షంవల్ల జరగలేదు. ఒకసారి సభ్యులంతా ఒకరి తరవాత ఒకరు బండి మీద కూర్చుని ఊగి, ఎవరు ఊగితే ఎంత దిగుతోందో చూశారు. గురునాథరావుగారు ఊగినప్పుడు వెనక అద్దం ఊడింది. దాన్ని పరిశీలించడానికి ఉపసంఘం వేయాలన్నారు.

ఈ రోజులన్నీ బండి ఇంటి ముందు టార్పాలిన్ పట్టా కప్పుకుని కూర్చుంది. అర్జునరావు మాత్రం తెల్లవారకముందే హార్బరుకు బయల్దేరేవాడు. “డాక్టరు నడవమన్నాడు” అని వీధి మలుపుదాకా చేతులూపుకుంటూ నడిచేవాడు. అంత దూరం నడిచినా చొక్కాకు చెమట పట్టకపోవడం సాయిదుర్గ గమనించింది. గొప్పవాళ్లకు చెమట పట్టదేమో అనుకుని ఊరుకుంది.

ఒక మధ్యాహ్నం ఫోను మోగింది.

“ఒలే సాయీ, నానే. బూత్ కాడినుంచి మాటాడతన్నాను.”

“అప్పా! ఓడెప్పుడే?”

“దీపావళి ఎల్లిన వారంలో అంతన్నారు. ఒకపాలి వొచ్చీవే. నీ మొకం సూసి ఎల్తాను.”

“కారు బాగవ్వాలప్పా.”

“కారెందుకే? ఆటోలు సచ్చిపోనాయా? నీ కాల్లకేటైనాది?”

“ఆయన ఒద్దన్నాడే.”

“ఏటి, కాల్లు ఒద్దన్నాడేటి?”

సాయిదుర్గకు నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. “నువ్వు రావొచ్చు కదప్పా.”

“ఎనక గేటు కాడ నిలబడి, నువ్వు గిన్నెలు తోముకుంటా మాటాడితే ఇంతానేటే? నా వొల్ల కాదు. నువ్వొచ్చీ. ఓడ కాడికైనా వొచ్చీ. నీ సంచేదో సర్దినావంట కదా, అది నీ సేత్తో నా సేతిలో ఎట్టు. సాలు.”

ఆ రాత్రి భోజనం దగ్గర సాయిదుర్గ అడిగింది, “ఏవండీ, ఒక్కపాలి ఆటోలో ఎల్లొచ్చీనా?”

అర్జునరావు ముద్ద దించాడు. “అర్జునరావు భార్య ఆటోలో! చేపల బుట్టల మధ్య! చూసినవాళ్లు ఏమనుకుంటారు? ఇంటి పరువు తీస్తావా? బండి అవుతుంది. దర్జాగా వెళ్దువు గాని. మీ అక్కను నా బండిలోనే ఓడ దగ్గర దింపుదాం. జాలరిపేట మొత్తం చూడాలి!”

*

సలహా సంఘం చివరికి నిర్ణయానికి వచ్చింది. దీపావళి మతాబులు కాలుస్తూ వచ్చింది. అందరి మాటా నిలబడాలి కనక, ముందు చక్రాలకు సింగపూరు షాకబ్జర్లు, వెనక చక్రాలకు లారీ కమాన్లు, మోటు షాకబ్జర్లు. ఇంగ్లండు మూలస్వరూపానికి గౌరవంగా పగిలిన తిత్తుల్ని కడిగి అటక మీద పెట్టాలి. ఏకగ్రీవంగా తీర్మానించారు.

సన్యాసిరాజు బండిని షెడ్డుకు ఈడ్పించుకుపోయాడు. పొద్దున్న ఇస్తానన్నది మాపు, మాపు ఇస్తానన్నది రేపు చేసి, ఓడ బయల్దేరే రోజు తెల్లవారుజామున తెచ్చి నిలబెట్టాడు.

నిలబెట్టాడు అనే మాట సరిగ్గా సరిపోతుంది. బండి వెనక భాగం ఆకాశంలోకి లేచింది. ముందు భాగం నేల వాసన చూస్తోంది. ఎక్కడానికి సాయిదుర్గకు స్టూలు వేయాల్సొచ్చింది. ఆమె సంచిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. సీటు వాలుకు ముందుకు జారిపోతుంటే కాళ్లు తన్నిపెట్టుకుంది. అయినా ఆమెకు హాయిగానే ఉంది. దారిలో జాలరిపేట, జాలరిపేటలో అప్ప.

పది గంటలకు జాలరిపేటకు చేరారు. చిట్టమ్మ లేదు. “జనం ముందే లైనులో ఉండాలంట. పొద్దున్నే ఎల్లిపోనాది. ‘మా సాయి ఓడ కాడికి వత్తాది’ అన్నాదమ్మా,” అని పక్కింటి అప్పాయమ్మ చెప్పింది.

“పద, కోటీ!” అంది సాయిదుర్గ.

బండి కదిలింది. గొయ్యి ఉన్నచోటా గెంతింది, లేనిచోటా గెంతింది. ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్నవాళ్లు తలెత్తి చూశారు. బండి వెనక భాగం చూశారు. చూసి, మర్యాదగా తలలు దించుకున్నారు.

అర్జునరావు అద్దం దించి చెయ్యూపాడు. ఎవరూ ఊపలేదు. “ఏరా!” అన్నాడు. ఒకడు జాలిగా “పాపం” అన్నాడు. అంతే.

“కోటీ! వాడు పాపమన్నాడేంట్రా?”

కోటి గాలి వాటం చూసుకుని నిజం చెప్పాడు. “బండి తేలిపోనాది బాబూ. కాలీ బోటులాగ గెంతుతంది. ఏటీ పడలేదనుకుంతన్నారు. పలకరిస్తే మీరు నొచ్చుకుంటారని...”

అర్జునరావు అద్దం ఎత్తేశాడు. ముందుంది ఫిషింగ్ హార్బరు రోడ్డు. దొరబాబు ఉంటాడు. తవిటమ్మ ఉంటుంది. ఆ తరవాత ఓడరేవు గేటు, జాలరిపేటలో సగం మంది చిట్టమ్మను సాగనంపడానికి అక్కడే ఉంటారు. అంతమంది ముందునుంచి అర్జునరావు ఖాళీ బోటులా గెంతుతూ పోవాలి!

“ఐసు ఫ్యాక్టరీకి తిప్పు,” అన్నాడు.

“ఎందుకండీ?” అంది సాయిదుర్గ.

“బరువు కావాలి. బండి దిగాలి.”

ఐసు ఫ్యాక్టరీ దగ్గర బోట్లకు ఐసు ఎక్కుతోంది. మధ్యలో దొరబండి వెనక తలుపు తెరుచుకుని నిలబడింది. సాయిదుర్గ కూర్చున్న మూల వదిలి తోలు సీట్లు మడిచి, గోనెలు పరిచి, నిలువెత్తు ఐసు దిమ్మలు తోశారు. బండి దిగలేదు. ఇంకా తోశారు. దిగలేదు. సన్యాసిరాజు జీవితంలో మొదటిసారి అన్న మాట నిలబెట్టుకున్నాడు!

“ఇంకా ఎయ్యండ్రా!”

“ఏవండీ, ఓడకి టైమైపోతంది.”

“ఒక్క దిమ్మ.”

ఓడ కూత వినబడింది. సాయిదుర్గ సంచిని చంకన పెట్టుకుంది. “ఏవండీ, నడిసి ఎల్తానండీ.”

“నోర్ముయ్! ఈ ఎత్తున గేటు కాడికెల్తే జనం ఏటనుకుంతారే? అర్జునరావు దివాలా తీసీసినాడనుకోరా? ఒరే, ఇంకో రెండు!”

కోపం వచ్చేసరికి మేడ మీద నేర్చిన తెలుగు కిందికి జారిపోయింది. అది విని సాయిదుర్గది కూడా జారిపోయింది.

“ఓరయ్యా! నీ బండిని నువ్వే దించుకో, నాను దిగిపోతన్నాను!” అంది. స్టూలు లేకుండానే దూకింది.

రోడ్డు మీద ఆటో కనబడింది. అందులో ఇద్దరు చేపలమ్మే ఆడవాళ్లు, మూడు బుట్టలు ఉన్నాయి. ఆటో నడిపే గోపి ఆమెను చూసి నోరు తెరిచాడు.

“అక్కా, మీరు ఈ ఆటో ఎక్కుతారేటి?”

“ఓడరేవు గేటు కాడికి తోలు బాబూ, నీకు పున్నెముంటాది.”

“ఎక్కండి, ఎక్కండి! ఆ మూల కూకోండి. అది బావగారి సోటే.”

“ఏ బావగారు?”

“అర్జునరావు బావగారు. రోజూ తెల్లారకుండా మా ఆటోలోనే కదా హార్బరుకి వత్తారు! మలుపు కాడ ఎక్కుతారు. తల మీదనుంచి తువాలు కప్పీసుకుంతారు. ఎవులైనా ఎక్కితే నిద్దరోనట్టు ఉంతారు.”

బుట్టలామె పకపకా నవ్వింది. “ఓలమ్మ! ఆ గురక పెట్టీ ఆసామి మీ ఆయనేటి? మొన్న నా రొయ్యల బుట్ట మీద కాలెట్టీసినాడు. ‘తియ్యి నీ కాలు’ అంటే, మరింత గట్టిగా గురక ఎట్టినాడమ్మా!”

సాయిదుర్గ నవ్వలేదు. సంచిని గుండెకు అదుముకుని, “బేగి తోలు” అంది.

ఆ వెనకే దొరబండి కూడా బయల్దేరింది. ఐసు భారానికి ఎట్టకేలకు నాలుగంగుళాలు దిగింది. అర్జునరావు అద్దం దించి, చిరునవ్వు సిద్ధం చేసుకుని, హార్బరు జంక్షనులోకి ప్రవేశించాడు. కోటి సరంగులా చుక్కాని కొట్టాడు. ఐసు దిమ్మలన్నీ ఒక పక్కకు ఒరిగి, వెనక తలుపును తన్నుకుని, టపటపా రోడ్డు మీద దూకాయి. బరువు దిగగానే బండి ఒక్క ఎగురు ఎగిరింది. చేపలాడవాళ్లు పరుగున వచ్చి, పగిలిన ఐసును బుట్టల్లోకి ఎత్తుకున్నారు.

“బావా!” అని అరిచాడు దొరబాబు. “ఇదేటి, ఐసు అమ్ముకుంతన్నావా?”

అర్జునరావు కిందికి దిగి, చొక్కా సవరించుకుని, గంభీరంగా చెప్పాడు. “విరాళం. ఓడ ప్రయాణికులకు చల్లని మంచినీళ్ల కోసం. మా వదినగారు వెళ్తున్నారు కదా. స్వయంగా ఎక్కించి వస్తున్నాను.”

ఓడరేవు గేటు దగ్గర ఆటో ఆగింది. సాగనంపడానికి వచ్చినవాళ్లు తిరిగి వచ్చేస్తున్నారు. వాళ్లకు ఎదురుగా సాయిదుర్గ పరుగెత్తింది. తాళ్లు విప్పేశారు. ఓడకూ గట్టుకూ మధ్య నీళ్లు వెడల్పవుతున్నాయి. రేలింగు పొడవునా జనం, చీరలు, చేతులు. అందులో ఏ చెయ్యి అప్పదో తెలియలేదు. అన్నిటికీ కలిపి ఊపింది. ఓడ డాల్ఫిన్ నోస్ కొండ పక్కనుంచి మలుపు తిరిగి, కొండ వెనక్కి పోయింది. సంచి ఆమె చేతిలోనే ఉంది.

*

మర్నాడు పేపర్లో ఒక మూల చిన్న వార్త పడింది. ఓడ ప్రయాణికులకు ఐసు వితరణ చేసిన దాత అర్జునరావు అని. ఫోటోలో ఆయన ఉన్నాడు, బండి ఉంది. ఐసు లేదు.

బోటు యజమానుల స్నేహసంఘం ఊరుకుంటుందా? సన్మానం పెట్టింది. హార్బరులో పందిరి వేసి, కుర్చీలు వేసి, మైకు పెట్టారు. గురునాథరావుగారు సన్మాన పత్రం చదివారు.

“...అత్తింటి బంధువుల యెడల అపారమైన మమకారంతో, తమ విలువైన కాలాన్ని లెక్కచేయక, స్వయంగా తమ కారులో వదినగారిని ఓడ ఎక్కించి, కన్నీటితో వీడ్కోలు పలికిన కుటుంబ వత్సలుడా!”

చప్పట్లు కొట్టారు. పట్టు శాలువా కప్పారు. అర్జునరావు కళ్లు ఒత్తుకున్నాడు. తాను నిజంగానే వీడ్కోలు పలికానని అప్పటికి ఆయనకు నమ్మకం కుదిరిపోయింది.

“ఇప్పుడు దాతగారి ధర్మపత్ని నాలుగు మాటలు మాట్లాడతారు,” అని గురునాథరావుగారు మైకు సాయిదుర్గ ముందు పెట్టారు. భార్యలు లేచి, నమస్కారం పెట్టి, కూర్చోవడమే ఆనవాయితీ. సాయిదుర్గ లేచింది. నమస్కారం పెట్టింది. కూర్చోలేదు.

“మా అప్పని ఈయన ఓడ ఎక్కించలేదు. నాను సూడనేలేదు. ఆటోలో నాను ఎల్లీసరికి ఓడ ఎల్లిపోనాది. ఆ ఏలప్పుడు ఈయన బండి బరువుగా కనబడాలని ఐసు ఏయించుకుంతన్నాడు.”

మైకు కీచుమంది. వలలవాళ్ల వరసలోనుంచి ఒక ముసలాయన అడిగాడు, “మరి ఆ విరాళం ఐసు ఓడెక్కిందా తల్లీ?”

“నేదు బాబూ. రోడ్డు మీద పడిపోనాది. తవిటమ్మ సేపలకేసుకున్నాది.”

“నాను ఏసుకున్నాను!” అని తవిటమ్మ లేచి చెయ్యెత్తింది. “సల్లగా ఉన్నాది!”

పందిరంతా నవ్వింది. దొరబాబు కుర్చీలోంచి పడి నవ్వాడు. గురునాథరావుగారు మైకు లాక్కుని, “సదరు ప్రసంగాన్ని సభా కార్యక్రమాలలో నమోదు చేయరాదు” అని ఆదేశించారు.

సాయిదుర్గ వేదిక దిగి, అందరి ఎదటా గోపి ఆటో ఎక్కి, దర్జాగా మధ్యలో కూర్చుంది. దొరబండి రాలేదు. సింగపూరు షాకబ్జర్లు ముందు రోజే నూనె కక్కేశాయి, ముక్కు నేలలో పెట్టుకుని ఇంటి దగ్గర ఉంది. సభ ముగిసి, జనం పల్చబడ్డాక, అర్జునరావు అటూ ఇటూ చూసి ఆటో దగ్గరికి వచ్చాడు. సన్మానం శాలువాను తలమీదినుంచి కప్పుకుని, మూలన ఒదిగి కూర్చున్నాడు. బీచి రోడ్డు ఎక్కేసరికి గురక మొదలైంది.

కొత్త నెల మొదటి వారంలో కార్ నికోబార్‌నుంచి ఫోను వచ్చింది. గొంతు ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా వినబడింది.

“ఏడవకే సాయీ. రేలింగు కాడ నిలబడి సూత్తానే ఉన్నాను. నువ్వొచ్చినావా?”

“వొచ్చినానప్పా. సెయ్యి ఊపినాను.”

“నాను సూడ్నేదే. అయితే ఏటైనాది? ఎండల్లో గంగమ్మ పండక్కి వొచ్చెత్తాను కదా. అప్పుడు సూసుకుందారి. నెత్తళ్లు దాసి ఉంచు.”

ఆ నెలాఖరులో ఒక ఉదయం సముద్రం లేచి, కార్ నికోబార్ ఒడ్డున ఉన్న ఇళ్లను తీసుకుపోయింది. చిట్టమ్మ తిరిగి రాలేదు. అప్పలసూరి కూడా రాలేదు. అది రెండు వేల నాలుగో సంవత్సరం, డిసెంబరు ఇరవై ఆరు, ఆదివారం.